కరివేపాకు చెట్టు మకాం మార్పు

మన సంపాదకవర్గం వారు ఈ సంచికకి నన్ను మధుమేహం మీద వ్రాయమన్నారు. ఆ విషయంలో మన ఇళ్ళలో నాకన్న ఎక్కువ తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఏ పెళ్ళి భోజనంలోనైనా రెండో జిలేబీ వడ్డించే సమయానికి ఆ విజ్ఞానమంతా వినబడుతూనే ఉంటుంది. అందుకని ఆ పని ఇంకో నెలకి వాయిదా వేసి, ఈసారికి మొక్కల సంగతి వ్రాస్తున్నాను. ఈ మధ్య మనవాళ్ళలో నాలుగు కుటుంబాలవారు "ఇల్లు బాగుచేయిస్తున్నాం డాక్టరుగారూ, అన్నాళ్ళూ మొక్కల్ని ఎక్కడ పెట్టాలి?" అని అడిగారు. ఒక్కొక్కరికి ఫోనులో చెప్పేకన్న అందరికీ ఒక్కసారే చెప్పడం మేలు కదా.

మనలో చాలామందిమి హెచ్.డి.బి. ఇళ్ళలోనే కాపురాలు చేస్తున్నాం. మనకి తోట అంటే వరండాలో నాలుగు కుండీలు, వంటింటి కిటికీ దగ్గర తులసి. కాస్త ఓపిక ఉన్నవాళ్ళకి బ్లాకు కింద కమ్యూనిటీ తోటలో ఒక మడి. ఈ కమ్యూనిటీ తోటల పథకాన్ని నేషనల్ పార్క్స్ బోర్డు వారు 2005లో 'కమ్యూనిటీ ఇన్ బ్లూమ్' అన్న పేరుతో మొదలుపెట్టారు. ఇప్పుడు ఈ చిన్న ద్వీపంలో అలాంటి తోటలు రెండువేలకి పైగా ఉన్నాయి.

ఇల్లు బాగుచేయించుకోవడం ఇక్కడ రెండు రకాలు. సొంత డబ్బుతో మనం చేయించుకునేది ఒకటి. పాత బ్లాకులో అయితే దానికి నెలరోజుల అనుమతి ఇస్తారు. గోడలూ నేలా పగలగొట్టే పని మాత్రం వరసగా మూడురోజుల్లో ముగించాలి. రెండోది ప్రభుత్వం వారు 2007లో ప్రకటించిన హోమ్ ఇంప్రూవ్‌మెంట్ ప్రోగ్రామ్. బ్లాకులో ఓటున్న పౌరుల కుటుంబాల్లో నూటికి 75 వంతులు సరేనంటేనే ఆ పని జరుగుతుంది. మొదట 1986 వరకు కట్టిన ఇళ్ళకే అది ఉండేది. 2018లో దాన్ని 1997 వరకు కట్టిన ఇళ్ళకి కూడా పొడిగించారు. యిషున్‌లో మా బ్లాకు ఆ రెండో జాబితాలోది.

2022 ఏప్రిల్ చివర్లో లిఫ్టు పక్కన నోటీసు అంటించారు. ఒక్కొక్క ఇంటి లోపలి పని సుమారు పదిరోజులు. కాని పైపులూ, సిమెంటు బస్తాలూ, పనివాళ్ళ సామానూ పెట్టుకోవడానికి కంట్రాక్టరుకి చోటు కావాలి. ఆ చోటు సరిగ్గా మా తోట. జూలై మొదటివారానికి ఖాళీ చేయాలి. వరండాలో కుండీలు కూడా తీసేయాలి. ఆరు వారాల్లో తోట మళ్ళీ మాకు ఇచ్చేస్తారు. ఇదంతా తాత్కాలికమే అని నోటీసులో రెండుసార్లు ఉంది.

నేను చెప్పదలచుకున్నదల్లా ఆ 'తాత్కాలికం' అన్న మాట గురించే. తవ్వేటప్పుడు చచ్చే మొక్కలు తక్కువ, తాత్కాలికంగా పెట్టిన చోట చచ్చేవి ఎక్కువ. నాలుగు రోజుల ముచ్చటే కదా అని ఏ గోడ పక్కనో, ఏ మెట్ల కిందో పెడతాం. ఆ నాలుగు రోజులు నాలుగు నెలలవుతాయి. అక్కడ వెలుతురు లేదని, నీళ్ళు పోవడానికి దారి లేదని, ఆదివారం తప్ప అటు వెళ్ళే మనిషి లేడని అప్పుడు తెలుస్తుంది.

మా మడిలో రెండు మందారాలు, ఒక మల్లె, ఒక నందివర్ధనం, ఒక కరివేపాకు చెట్టు ఉండేవి. మొదటి నాలుగింటి గురించి నాకు బెంగ లేదు. బెంగల్లా కరివేపాకు గురించే.

దాన్ని నాటింది మా మామగారు. ఆయన తెనాలిలో తెలుగు మేష్టారుగా పనిచేసి రిటైరయ్యారు. 2017లో మా దగ్గరికి మూడు నెలలు వచ్చారు. మేమిద్దరం ఉద్యోగాలకి, పిల్ల బడికి పోతే ఆయనకి ఇంట్లో పొద్దుపోయేది కాదు. కిందకి దిగి తోట చూసే చైనీస్ అంకుల్‌తో స్నేహం చేసుకున్నారు. అంకుల్ పూర్వం బస్సు డ్రైవరు. ఆయనకి తెలుగు రాదు, మామగారికి చైనీస్ రాదు. పారా, చెంబూ చాలు వాళ్ళ సంభాషణకి. నాలుగో అంతస్తు తమిళ పాటిగారు జానెడు కరివేపాకు పిలక ఇస్తే, "కరివేపాకు కూడా కొనుక్కు తినే కాపురమేమిట్రా!" అని మా వారిని కోప్పడి, దాన్ని మా మడి మూలన నాటి వెళ్ళారు. ఐదేళ్ళలో అది మనిషెత్తు దాటింది.

2021 మే నెలలో ఆయన పోయారు. రాకపోకలు లేని రోజులవి, మీలో ఎందరికో అనుభవమే. మా వారు ఇక్కడ కూర్చునే అన్నీ ఫోనులో చూశారు. పన్నెండోరోజు సాయంత్రం ఒక్కరూ కిందకి వెళ్ళి, ఆ చెట్టు పాదు తవ్వి, నీళ్ళు పోసి, చేతులు కడుక్కుని పైకి వచ్చారు. నేనేమీ అడగలేదు. అందుకని 2022లో నోటీసు చూసినప్పుడు, టెక్కా మార్కెట్లో ఇంకో మొక్క దొరుకుతుందిలే అని మా ఇంట్లో ఎవరూ అనలేదు.

మొక్కల్ని ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చే పనికి మా డాక్టర్లు కొత్తవాళ్ళు కారని ఆ రోజుల్లోనే పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నాను. కరివేపాకు శాస్త్రీయనామంలో 'కోనిగీ' అన్న మాట ఉంటుంది. అది యోహాన్ కోనిగ్ అనే వైద్యుడి పేరు. లిన్నేయస్ శిష్యుడైన ఆయన 1768లో తమిళదేశపు తరంగంబాడికి వచ్చి, కోరమండల్ తీరమంతా మొక్కలు వెతుక్కుంటూ తిరిగి, 1785లో మన కాకినాడ జగన్నాథపురంలో కన్నుమూశారు. ఆ కాలంలోనే పక్కన సామర్లకోటలో విలియం రాక్స్‌బర్గ్ అనే కంపెనీ డాక్టరు మిరియం, కాఫీ, దాల్చినచెక్క వంటి మొక్కలతో తోట పెంచారు. ఆయన 1793లో కలకత్తా తోటకి అధికారిగా వెళ్ళారు. తరువాత ఆ పదవికి వచ్చిన నథానియేల్ వాలిచ్ కూడా డాక్టరే. 1822లో ఆయన ఆరోగ్యం కుదుటపరచుకోవడానికి సింగపూరు వస్తే, రాఫుల్స్ ఆయన చేత ఇక్కడి కొండమీద మొదటి వృక్షశాస్త్ర తోట వేయించాడు. ఇవాళ మనం ఫోర్ట్ కానింగ్ అనే కొండ అదే. ఆ తోట 1829లో మూతపడింది. దాని జ్ఞాపకంగా ఇప్పుడక్కడ సుగంధద్రవ్యాల మొక్కలతో చిన్న తోట ఉంది. పిల్లల్ని ఏ ఆదివారమో తీసుకెళ్ళి చూపించండి.

నాకు బాగా పనికొచ్చినది వీళ్ళెవరి కథా కాదు, లండన్ డాక్టరు నథానియేల్ వార్డ్ కథ. అంతకు ముందు ఓడల మీద పంపిన మొక్కల్లో చాలావరకు దారిలోనే పోయేవి. ఉప్పుగాలి, మంచినీళ్ళ కరువు, ఎండ తగలని అడుగుగదులు వాటి ప్రాణం తీసేవి. వార్డ్ 1829లో మూతబిగించిన సీసాలో దానంతటదే మొలిచిన ఒక ఫెర్న్ మొక్కని గమనించారు. లోపలి చెమ్మ ఆవిరై, అద్దానికి పట్టి, మళ్ళీ మట్టిలోకే దిగుతోంది. దాన్ని బట్టి ఆయన అద్దాల పెట్టె చేయించారు. 1833లో అలాంటి పెట్టెల్లో సిడ్నీ పంపిన మొక్కలు నెలల తరబడి సముద్రం మీద ఉండి కూడా పచ్చగా చేరాయి. 1877లో సింగపూరు బొటానిక్ గార్డెన్స్‌కి వచ్చిన 22 రబ్బరు మొక్కలు కూడా అలాంటి పెట్టెల్లోనే వచ్చాయి. మలయా రబ్బరు తోటలకి మూలం ఆ మొక్కలే. ఆ తోటల్లో పనికని మన ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి ఎంతమంది కూలీలు ఓడలెక్కారో మీకు తెలుసు.

వార్డ్ చేసిన పనిలో గొప్ప ఏమిటంటారా? ప్రయాణాన్ని మధ్యలో వచ్చే ఖాళీగా ఆయన చూడలేదు. ఆ ఆరు నెలలు మొక్క బతకవలసిన ఇల్లు అదే అనుకుని పెట్టె కట్టించారు. మేమూ అలాగే చేయాలనుకున్నాం. నోటీసులో ఆరు వారాలని ఉంటే, ఏడాది ఉండాల్సి వస్తుందన్నట్టు చోటు చూశాం.

తోట సభ్యులం పదిమందిమి కూర్చుని చూస్తే మూడు చోట్లు కనబడ్డాయి. కార్ పార్కు పైకప్పు మీద ఎండ దంచుతుంది, గాలికి అడ్డులేదు. బ్లాకు కింద ఖాళీ హాలులో మొక్కలు పెట్టనివ్వరు, పెట్టనిచ్చినా అక్కడ వెలుతురు లేదు. మూడోది కార్ పార్కు వెనక గడ్డినేల. పొద్దుటి ఎండ పడుతుంది, మధ్యాహ్నం దాటాక కట్టడం నీడ పడుతుంది, నీటికుళాయి ఇరవై అడుగుల్లో ఉంది. అడిగితే అధికారులు అనుమతి ఇచ్చారు. వరండాల్లోకి కొన్ని కుండీలు చేర్చుదామా అని ఒకరన్నారు గాని, నిప్పు ప్రమాదం వస్తే మనుషులు దిగడానికి అక్కడ 1.2 మీటర్ల దారి వదలాలి. పనివాళ్ళ సామాను మధ్య అది కుదిరే పని కాదు.

చోటు చిన్నది కనక అన్నిటినీ తీసుకెళ్ళలేం. ఆసుపత్రిలో ఒకేసారి పదిమంది క్షతగాత్రులు వస్తే ముందు ఎవరిని చూడాలో వేరుచేస్తాం చూడండి, అలా వేరుచేశాం. మందారం కొమ్మ నాటితే వస్తుంది, చెట్టునంతా మోయనక్కరలేదు. మల్లెకి తీగ వంచి మట్టిలో తొక్కి అంటుకడితే చాలు. మక్‌చిక్ గారి పాండన్ దుబ్బు, నిమ్మగడ్డి విడదీసి రెండేసి పిలకలు దాచుకుంటే ఏడాదిలో మళ్ళీ దుబ్బవుతాయి. నందివర్ధనాన్ని ఇంకో బ్లాకులోని కన్నడ కుటుంబం సంతోషంగా పట్టుకెళ్ళింది. మా వరండాలోని 22 కుండీల్లో తొమ్మిది ఉంచుకుని తక్కినవి పంచాం. చెట్టు చెట్టుగా కదలవలసినవి మూడే మిగిలాయి. అవి అంకుల్ నిమ్మచెట్టు, పాటిగారి మునగ, మా కరివేపాకు. మునగ కొమ్మ నాటినా వస్తుందని పాటిగారికి తెలుసు. అయినా ఆమె ఒప్పుకోలేదు. మేమూ బలవంతపెట్టలేదు.

భద్రత కోసం ఇంకో పని చేశాం. కరివేపాకు వేరు తెగిన చోట పిలక లేస్తుంది. అలా లేచిన ఐదింటిని వేరుముక్కతో సహా తీసి చిన్న కుండీల్లో పెట్టి, ఐదు ఇళ్ళకి ఇచ్చాం. గింజలు కూడా దాచవచ్చు గదా అంటారేమో. కరివేపాకు గింజ ఎండితే కొద్దివారాల్లోనే మొలక శక్తి పోతుంది, పండు నల్లబడగానే నాటాలి. ఐదు పిలకలు ఐదు ఇళ్ళలో ఉన్నాయంటే, పెద్దచెట్టుకి ఏమైనా ఆ జాతి మాత్రం మన చేయి జారదు.

ఇక తవ్వకం. పెద్దచెట్టుని ఒక్కరోజులో పెకలించకూడదు. మాకు పదివారాల గడువు ఉంది. మే నెలలో కాండానికి పది అంగుళాల దూరంలో చుట్టూ గీత గీసి, సగం చుట్టు మాత్రం పదునైన పారతో నిలువుగా దింపి వేళ్ళు కోశాం. నాలుగు వారాలు ఆగి రెండో సగం కోశాం. కోసిన చోట్ల లోపలివైపు సన్నని పీచువేళ్ళు పుడతాయి. నీళ్ళు తాగేవి ఆ పీచువేళ్ళే. లావువేళ్ళు చెట్టుని నిలబెట్టడానికే ఎక్కువ. కాండం రెండు అంగుళాల లావుంటే వేరుగడ్డ ఇరవై అంగుళాల వెడల్పు ఉండాలని తోటమాలులు లెక్క చెబుతారు. అంటే నూరు కిలోల పైమాటే. మనవాళ్ళు నలుగురు వచ్చి సాయం పట్టారు. పేర్లు వ్రాయవద్దన్నారు గాని, ఇద్దరికి నడుములు పట్టిన మాట నాకు తెలుసు, మందు వ్రాసింది నేనే.

మే నెలలోనే మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. రెండున్నరేళ్ళ తరువాత కొడుకు ఇంటికి రావడం. కాళ్ళు కడుక్కుని ముందు కిందకి దిగి చెట్టు చూశారు. జూలైలో, తీసే ముందురోజు, పైకొమ్మలు సగానికి నరకాలి అన్నప్పుడు ఆమెకి కోపం వచ్చింది. "చెట్టు బతకాలనేనా మీరు చేసేది?" అన్నారు. వేళ్ళు సగం పోయాక అన్ని ఆకులకీ నీళ్ళు అందవనీ, ఆకు తగ్గిస్తేనే చెట్టు తట్టుకుంటుందనీ చెప్పాను. ఆమె కొంతసేపు ఆలోచించి, "సరే, నరికిందేదీ పారేయకండి" అన్నారు. ఆ వారం మా బ్లాకులో కరివేపాకు అందని ఇల్లు లేదు. పాటిగారు పొడి కొట్టారు, అత్తగారు పచ్చడి చేశారు, అంకుల్ దాన్ని చేపలో వేసి బాగుందన్నారు.

ముందురోజు రాత్రి పాదు నిండా నీళ్ళు పెట్టాం. పొడిమట్టి అయితే గడ్డ విడిపోతుంది. మబ్బుగా ఉన్న సాయంత్రం చూసుకుని, గడ్డ కింద నుంచి గోనెపట్టా దూర్చి, నాలుగు కొసలూ కాండానికి కట్టి, చక్రాలబండి మీద తోసుకెళ్ళాం. నీలిరంగు ప్లాస్టిక్ డ్రమ్మును సగానికి కోసి, అడుగున పన్నెండు రంధ్రాలు వేసి, అందులో దించాం. తోటలో ఏ వైపు తూర్పుకి ఉందో అక్కడా ఆ వైపే తూర్పుకి తిప్పాం. ఎరువు వేయలేదు. ఆపరేషనైన మర్నాడు రోగికి బిర్యానీ పెట్టం కదా.

ఇక నాకు నిద్రపట్టనివ్వని విషయం చెబుతాను. 2022 ఇక్కడ డెంగీ ఏడాది. అంతకుముందు 2020లో 35 వేల పైచిలుకు కేసులు వచ్చి చరిత్రలోనే ఎక్కువ అనిపించుకుంది. 2022లో మళ్ళీ 32 వేలు దాటాయి. నా దగ్గరికి వచ్చే జ్వరం రోగుల చీటీల మీద చిరునామాలు చూస్తే మా పక్క బ్లాకులే. ఒకపక్క పని జరిగే స్థలం, ఇంకోపక్క నలభై కుండీలు ఒకేచోట. పొద్దున్న ప్లేట్‌లెట్లు లెక్క చూసి, సాయంత్రం ఆ కుండీలకి నీళ్ళు పోసే మనిషిని నేను. మామగారి చెట్టు ఎంత ప్రియమైనదైనా, ఎదుటి బ్లాకులో ఒక పసివాడి జ్వరం కన్న ప్రియం కాదు.

అందుకని మొదటి సమావేశంలోనే ఒక మాట చెప్పాను. మన చోటులో ఒక్క దోమపిల్ల కనబడినా ముందు నా కుండీలు పారేస్తాను, తరువాత మీ ఇష్టం. మా వారు నా వైపు చూశారు గాని కాదనలేదు. అంకుల్ తల ఊపి, ఒక పాత నోటుబుక్కు తెచ్చి వంతులు వ్రాశారు.

మన యిషున్‌లో వోల్బాకియా దోమల్ని వదులుతున్నారు గదా, ఇంకేం భయం అని కొందరంటారు. నిజమే, ఆ బాక్టీరియా ఉన్న మగదోమల్ని 2018 నుంచి మా ప్రాంతంలో వదులుతున్నారు. మగదోమలు కుట్టవు. వాటితో జతకట్టిన ఆడదోమ గుడ్లు పొదగబడవు. అంతమాత్రాన నీళ్ళు నిలవ ఉంచమని కాదు. ఈడిస్ దోమకి నిలిచిన నీళ్ళు గరిటెడు చాలు. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పడుతుంది. గుడ్డు ఎండిపోయినా నెలల తరబడి బతికి, మళ్ళీ తడి తగలగానే పగులుతుంది. అందుచేత కుండీ కింద పళ్ళెంలో నీళ్ళు పారబోస్తే చాలదు, అంచులు రుద్ది కడగాలి. మేము పళ్ళేలే తీసేశాం. కుండీలన్నీ ఇటుకల మీద ఎత్తిపెట్టాం. గట్టిపడిన మట్టి మీద కూడా నీళ్ళు నిలుస్తాయి కనక రెండురోజులకోసారి పైమట్టి గుల్ల చేశాం. కప్పిన పట్టాల మడతలు, ఊతకర్రల బోలు కొసలు, బోర్లించని బకెట్లు, ఇవి కూడా చూడాలి. ఏడు నెలలు ఆ నోటుబుక్కులో ఒక్కరోజు కూడా ఖాళీ లేదు. ఒక్క పురుగూ కనబడలేదు.

అవును, ఏడు నెలలు. ఆరు వారాలు అన్నది పన్నెండైంది, తరువాత వానలు వచ్చాయి, తరువాత ఏదో సామాను రాలేదన్నారు. ఏ దేశంలోనైనా ఇల్లు కట్టేవాడి క్యాలెండరు వేరు. మేము ఏడాదికి సిద్ధపడి ఉన్నాం కనక తిట్టుకోవడానికి తీరిక ఉండలేదు.

మూడోవారంలో చెట్టు మిగిలిన ఆకులన్నీ రాల్చేసింది. మోడులా నిలబడింది. అత్తగారు రోజూ బియ్యం కడిగిన నీళ్ళు తెచ్చి పోయబోయేవారు. నేను అడ్డుపడేదాన్ని. ఆకు లేని చెట్టు నీళ్ళు తాగదు, తాగని నీళ్ళు వేళ్ళని కుళ్ళబెడతాయి. ఇలాంటప్పుడు మొక్కలు దాహంతో కన్న మన ప్రేమతో ఎక్కువ చస్తాయి. వేలు రెండు కణుపుల లోతు మట్టిలో గుచ్చి, తడి తగలకపోతేనే పోయాలి. ప్రాణం ఉందో లేదో చూడడానికి గోటితో బెరడు కాస్త గీకితే, కింద పచ్చగా ఉంటే ఉన్నట్టు, గోధుమరంగుగా ఉంటే ఆ కొమ్మ పోయినట్టు. నేను నాడి చూసినట్టు రోజూ ఒక్కచోట గీకి చూసేదాన్ని. పైకొమ్మలు రెండు గోధుమరంగుకి తిరిగాయి. కాండం పచ్చగానే ఉంది.

ఆగస్టులో ఒక తెల్లవారుజామున సుమత్రా గాలి వచ్చింది. ఇక్కడివాళ్ళకి తెలుసు, అరగంటలో అన్నీ తారుమారు చేసి పోతుంది. పాటిగారి మునగ పడి విరిగింది. డ్రమ్ముని మూడువైపులా తాళ్ళతో గుంజలకి కట్టడం వల్ల మా చెట్టు నిలిచింది. విరిగిన మునగ కొమ్మల్ని పాటిగారు కళ్ళు తుడుచుకుంటూ మూడుచోట్ల నాటారు. మూడూ చిగిర్చాయి. సెప్టెంబరు రెండోవారంలో కరివేపాకు కాండం మొదట్లో మిరియపుగింజంత చిగురు కనబడింది. అత్తగారు నాకు ఫోను చేసి, "అమ్మాయీ, వచ్చిందే!" అన్నారు. నేను క్లినిక్‌లో రోగుల మధ్య ఉన్నాను. ఏమిటొచ్చింది అని అడగవలసిన పని లేకపోయింది.

2023 ఫిబ్రవరిలో తోట తిరిగి ఇచ్చారు. కొత్త మళ్ళు ఇటుకలతో చక్కగా కట్టారు గాని, లోతు అడుగున్నరే. మా పాత మూల మీదుగా చక్రాలకుర్చీల దారి వేశారు. దాని అవసరం దానిది. సరే, ఉన్న మడిలోనే పెడదామని డ్రమ్ముని కదపబోతే కదలలేదు. వేళ్ళు అడుగు రంధ్రాల గుండా గడ్డినేలలోకి దిగి, అక్కడే స్థిరపడ్డాయి. కోసి తీయాలంటే మళ్ళీ సగం వేళ్ళు పోతాయి, మళ్ళీ మోడవుతుంది. అంకుల్ వంగి చూసి, చేతులు దులుపుకుని, వద్దన్నట్టు తల ఊపారు.

మా వారు ఏం చేద్దామమ్మా అని అత్తగారిని అడిగారు. ఆమె చెట్టు చుట్టూ ఒకసారి తిరిగారు. "ఆయన నాటిన చోటు కాదిది. కాని, ఇది దాని అంతట అది ఎంచుకున్న చోటు. ఉండనీరా," అన్నారు. చెట్టు అక్కడే ఉండడానికి అధికారులు అభ్యంతరం చెప్పలేదు. డ్రమ్ముని పక్కల నుంచి రంపంతో కోసి తీసేసి, చుట్టూ పాదు చేశాం. మనలో ఎంతమంది రెండేళ్ళకని వచ్చి పాతికేళ్ళుగా ఉన్నారో లెక్కపెట్టమని నేను అనను. ఆ లెక్క ఎవరిది వారికే తెలుసు.

మొక్కలు సర్దబోయేవారికి నేను చెప్పగలిగింది ఇంతే. గడువు ఎంత చెప్పినా దానికి మూడింతలు అనుకోండి. తీసుకెళ్ళేవి తగ్గించండి, పంచేవి పెంచండి. మొక్కని ఎలా మోయాలన్నదాని కన్న, వెళ్ళిన చోట రోజూ ఎవరు చూస్తారన్నది ముందు తేల్చుకోండి. నీళ్ళు నిలవనీయకండి. మధుమేహం ఉన్నవాళ్ళు మట్టిపని చేసేటప్పుడు చేతులకి తొడుగులు, కాళ్ళకి బూట్లు తప్పకుండా వేసుకోండి. ఇక్కడి మట్టిలో, ముఖ్యంగా వానల రోజుల్లో, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బాక్టీరియా ఉంటుంది. చిన్న గాయం చాలు దానికి, మధుమేహం ఉన్నవారికి అది ప్రాణం మీదికి రావచ్చు. మట్టిపని చేసినవారికి వారం పదిరోజుల్లో తగ్గని జ్వరం వస్తే, తోటపని చేశామని డాక్టరుకి చెప్పండి. చూశారా, సంపాదకులు అడిగిన మధుమేహం కూడా కాస్త వ్రాసేశాను.

కార్ పార్కు వెనక చెట్టు ఇప్పుడు మళ్ళీ మనిషెత్తు ఉంది. దాని చుట్టూ పిలకలు లేస్తున్నాయి. పోయినసారి ఇచ్చిన ఐదింటిలో నాలుగు బతికాయి. ఈసారి ఏడు తీసి కుండీల్లో పెట్టాం. కావలసినవారు ఏ ఆదివారం సాయంత్రమైనా రండి. కుండీ మాత్రం మీదే తెచ్చుకోండి, కింద పళ్ళెం లేకుండా.